మా కాలనీ పిల్లలకు బైక్ ట్యాక్సీ ఉపాధి అవుతుందా? కలెక్టర్‌కు ఇచ్చే అర్జీలో ఏం అడగాలి?

మేడమ్, మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అనంతపురంలో మీ కాలనీలో డిగ్రీ, ఐటీఐ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్ళకు తలా ఒక బండి లోన్ మీద ఇప్పిస్తే బైక్ ట్యాక్సీ నడుపుకుని బతకగలరా? చట్టం ఒప్పుకుంటుందా? సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్‌కు అర్జీ ఇవ్వాలంటే అందులో ఏం రాయాలి?

నేను ఈ పని మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు దాటింది. మొదటి నాలుగేళ్ళు బెంగళూరులో, కరోనా తర్వాత నుంచి మన ఊళ్ళో. ఇక్కడ బైక్ నడిపే అరవై మందిమి ఒక వాట్సాప్ గ్రూపుగా ఉన్నాం. కాగితాల సంగతి, యాక్సిడెంట్ కేసుల సంగతి వచ్చినప్పుడు నేనే ఎక్కువగా తిరుగుతుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముప్పై మందికీ పూర్తికాలం ఉపాధి కాదు. ఇంట్లో ఇప్పటికే బండి ఉన్న పది పన్నెండు మందికి, చదువుకో వేరే పనికో తోడుగా రోజుకు నాలుగైదు గంటలు నడిపితే మాత్రం ఆసరా అవుతుంది. అర్జీలో మొదటి కోరికగా లోన్ పెట్టకండి. ఇన్సూరెన్స్ పెట్టండి, పేర్ల నమోదు పెట్టండి.

ఎందుకో వివరంగా చెబుతాను. ముందు డబ్బు లెక్క.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. రాత్రి పడుకునే ముందు మూడు గళ్ళు నింపుతాను. ఎన్ని ట్రిప్పులు, ఎంత వచ్చింది, మీటర్ ఎంత తిరిగింది. ఒక మామూలు బుధవారం పేజీ చూడండి. ట్రిప్పులు 14. వచ్చింది 588 రూపాయలు. మీటర్ 80 కిలోమీటర్లు. ఆ ఎనభైలో వెనక మనిషి కూర్చున్నది 49 కిలోమీటర్లే. మిగతా 31 ఖాళీగా తిరిగినవి: సప్తగిరి సర్కిల్ నుంచి బుకింగ్ ఉన్న చోటికి పోవడం, జేఎన్‌టీయూ దగ్గర దించి వెనక్కి రావడం. యాప్ ఆ ఖాళీ కిలోమీటర్లకు పైసా ఇవ్వదు, పెట్రోల్ మాత్రం కాలుతుంది. ఊళ్ళో ఆగుతూ పోతూ నడిపితే నా బండి లీటరుకు యాభై ఇస్తుంది. అంటే 1.6 లీటర్లు. లీటరు 110 దరిదాపున ఉంటే 176 రూపాయలు. ఇంజన్ ఆయిల్, బ్రేక్ షూలు, చైన్ సెట్, టైర్లు అన్నీ కలిపి రోజుకు 50 పక్కన పెట్టాలి. పెట్టకపోతే మూడు నెలలకు ఒకేసారి మీద పడుతుంది. యాప్ ఫీజు 50. ఫోన్ డేటా 10. మిగిలింది 302 రూపాయలు. పది గంటలు ఎండలో తిరిగితే ఇదీ మిగులు.

నెలకు 26 రోజులు నడిపితే 7,850 దాకా. ఇది బండి అప్పు లేనివాడి లెక్క. కొత్త బండి ఫైనాన్స్‌లో తీసుకున్నవాడికి నెలకు 3,200 కంతు అనుకోండి, చేతికి వచ్చేది 4,650. ఒక నెల జ్వరం వచ్చి పది రోజులు పడుకుంటే కంతు కూడా రాదు. మా గ్రూపులో ఇలా రెండు కంతులు తప్పిన ముగ్గురి బండ్లను ఫైనాన్స్ వాళ్ళు తీసుకుపోయారు. ఒకతను అప్పటికే పద్దెనిమిది కంతులు కట్టేశాడు. బండి పోయింది, కట్టిన డబ్బు పోయింది, సిబిల్ స్కోర్ కూడా పోయింది. ఆ తర్వాత ఆ పిల్లోడికి ఏ బ్యాంకూ వేరే పనికి కూడా లోన్ ఇవ్వలేదు. అందుకే లోన్ అనే మాట వినగానే నాకు టెన్షన్ వస్తుంది మేడమ్. ముప్పై మంది పిల్లల్ని ఒకే రోజు అప్పులోకి దింపితే, దాన్ని ఉపాధి పథకం అని నేను అనలేను.

అదే పేజీని ఇంకోలా చూడండి. 14 ట్రిప్పుల్లో 9 ట్రిప్పులు పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు వచ్చినవే. అంటే ఐదు గంటల్లో తొమ్మిది. మధ్యాహ్నం ఐదు గంటల్లో ఐదే. మే నెలలో మధ్యాహ్నం పూట మనిషే రోడ్డు మీదికి రాడు. ఆ ఐదు గంటలే నడిపితే సుమారు 378 వస్తుంది, 45 కిలోమీటర్లకు పెట్రోల్ వంద, మిగతా ఖర్చులు తొంభై పోను 190 దాకా మిగులుతుంది. మొత్తం మిగులు తక్కువే, కానీ గంటకు చూస్తే ఎక్కువ, ఒళ్ళు కూడా పాడవదు. డీఎస్సీకో కానిస్టేబుల్ పరీక్షకో చదువుకునే పిల్లోడు మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చోవచ్చు. నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పేది ఇదే పద్ధతి.

ఇంక ముప్పై మంది ఎందుకు వద్దంటున్నానంటే, మన ఊరు బెంగళూరు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం రెండున్నర లక్షలు దాటిన ఊరు. బుకింగులు ఒక హద్దు వరకే ఉంటాయి. 2025 జూన్ 16న కర్ణాటకలో బైక్ ట్యాక్సీలు ఆగిపోయినప్పుడు ఈ సంగతి కళ్ళారా చూశాం. అక్కడి హైకోర్టు అదే ఏప్రిల్‌లో, ప్రభుత్వం నిబంధనలు తయారు చేసేవరకు బైక్ ట్యాక్సీలు నడపకూడదని చెప్పింది. గడువు అయిపోగానే బెంగళూరులో నడిపే మన జిల్లా పిల్లలు బండ్లు వేసుకుని హైవే మీద రెండు వందల కిలోమీటర్లు నడుపుకుంటూ ఇంటికి వచ్చేశారు. కళ్యాణదుర్గం, రాప్తాడు వైపు వాళ్ళు కొందరు మన టౌన్‌లోనే లాగిన్ అయ్యారు. రెండు వారాల్లో నా ట్రిప్పులు 14 నుంచి 10కి పడిపోయాయి. ఎవరి తప్పూ లేదు, రొట్టె ఒకటే, పంచుకునేవాళ్ళు పెరిగారు. తర్వాత ఆ కేసు అప్పీలుకు పోయింది, కొందరు మళ్ళీ వెళ్ళారు. కానీ ఆ జూన్‌లో ఇంటికి కంతు డబ్బు పంపలేక కూర్చున్న పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి. ఒక కోర్టు కాగితంతో రాత్రికి రాత్రి పోయే పనిని మనం పిల్లలకు జీవనాధారంగా చూపించకూడదు. చూపించాలంటే ముందు చట్టం సంగతి తేలాలి.

చట్టం ఏమంటుంది? ఇక్కడ చాలామంది తికమక పడతారు. బైక్ మీద మనిషిని అద్దెకు ఎక్కించుకోవడం అనే సంగతే చట్టంలో లేదని కొందరంటారు. అది సరి కాదు. కేంద్రం 2004లోనే వెనక సీటు మీద ఒక ప్రయాణికుణ్ణి అద్దెకు తీసుకుపోయే మోటార్ సైకిల్‌ను రవాణా వాహనాల జాబితాలో చేర్చింది. గోవాలో పసుపు, నలుపు రంగుల బండ్లతో 'పైలట్లు' అనేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా లైసెన్సుతోనే ఇదే పని చేస్తున్నారు. 2024 మొదట్లో కేంద్ర రవాణా శాఖ మరోసారి రాష్ట్రాలకు రాసింది, బైకులు కూడా కాంట్రాక్ట్ క్యారేజ్ (కిరాయికి మాట్లాడుకుని ఎక్కే బండ్లు) కిందికి వస్తాయని, పర్మిట్ దరఖాస్తులు తీసుకోమని. అంటే దారి ఉంది. కానీ ఆ దారి ఎల్లో ప్లేట్ దారి. రవాణా వాహనంగా రిజిస్టర్ అవ్వాలి, పర్మిట్ ఉండాలి, మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, రవాణా వాహనం నడిపేవాడికి ఇరవై ఏళ్ళు నిండాలి.

మన పిల్లల దగ్గర ఉన్నది వైట్ ప్లేట్ బండి, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయినది. పర్మిట్ లేకుండా అద్దెకు నడిపితే మోటారు వాహనాల చట్టం 192-ఎ సెక్షన్ కింద పది వేల జరిమానా, బండి సీజ్, జైలు శిక్షకు కూడా వీలుంది. పది వేలంటే నా లెక్కలో నెల రోజుల మిగులు కన్నా ఎక్కువ. ఆఫీసరు మంచివాడైతే హెల్మెట్ ఉందా, లైసెన్స్ ఉందా అని చూసి పంపించేస్తాడు. వేరే ఆఫీసరు వస్తే అదే బండి స్టేషన్‌లో ఉంటుంది. ఈ అనిశ్చితిలో పిల్లలు పోలీసును చూడగానే సందులోకి తిప్పుతారు. యాక్సిడెంట్లు ఎక్కువగా ఆ తిప్పడంలోనే అవుతాయి.

2025 జూలై 1న కేంద్రం అగ్రిగేటర్లకు, అంటే బండ్లు బుక్ చేసే యాప్ కంపెనీలకు, కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మీ అర్జీకి అసలు బలం ఇక్కడే ఉంది. వైట్ ప్లేట్ బైకులను కూడా యాప్ ద్వారా ప్రయాణికులకు నడపడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చని, అందుకు రోజుకో వారానికో పక్షానికో కొంత ఫీజు వసూలు చేసుకోవచ్చని అందులో ఉంది. సొంత బండి ఉన్న డ్రైవర్‌కు ఛార్జీలో కనీసం 80 శాతం ఇవ్వాలని, డ్రైవర్‌కు కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా కంపెనీ చేయించాలని కూడా ఉంది. 'అనుమతించవచ్చు' అన్నారు, 'అనుమతించాలి' అనలేదు. నిర్ణయం రాష్ట్రానిది, కలెక్టర్‌ది కాదు. కాబట్టి అర్జీ రాసే ముందు మన జిల్లా రవాణా శాఖ ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో ఒక ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి: వైట్ ప్లేట్ బైకులకు ఈ మార్గదర్శకాల కింద నేటికి అమల్లో ఉన్న ఉత్తర్వు ఏది, జిల్లాలో మోటార్ సైకిల్‌కు కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్లు ఎన్ని ఇచ్చారు, వాటికి ఫీజు ఎంత. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. నోటి మాటలు నమ్ముకుని ఏ పిల్లోణ్ణీ రోడ్డు మీదికి పంపొద్దు.

ఇప్పుడు ఇన్సూరెన్స్. నా జవాబులో ముఖ్యమైనది ఇదే, కాస్త ఓపికగా చదవండి.

ఇంట్లో ఏ బండి పాలసీ కాగితం ఉన్నా తీసి చూడండి. లోపల చిన్న అక్షరాలతో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని ఒక గడి ఉంటుంది. ఈ బండిని ఫలానా పనులకు తప్ప దేనికైనా వాడుకోవచ్చు అని రాసి, ఆ ఫలానా పనుల్లో మొట్టమొదటిదిగా 'హైర్ ఆర్ రివార్డ్' అని ఉంటుంది. అంటే కిరాయి. ఈ రెండు మాటలు మా గ్రూపులో ఒక ఇంటిని కూల్చేశాయి.

తపోవనం దగ్గర సర్వీస్ రోడ్డు మీద, రాత్రి ఎనిమిదిన్నర. ఇరవై రెండేళ్ళ పిల్లోడు, వెనక ఒక నర్సమ్మ, డ్యూటీకి దింపడానికి పోతున్నాడు. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ కనపడలేదు. బండి ఎగిరి పక్కకు పడింది. ఆమెకు భుజం ఎముక విరిగింది, వీడికి ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. వారం తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఒకాయన ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, చాలా మర్యాదగా, "ఆ అమ్మ నీకేమవుతుంది బాబూ?" అని అడిగాడు. వీడు "ఏమీ కాదు సార్, యాప్‌లో బుక్ చేసుకున్నారు" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. నెల రోజులకు క్లెయిమ్ తిరస్కరించినట్టు ఉత్తరం వచ్చింది, కారణం అదే రెండు మాటలు. వాళ్ళ నాన్న ఆ ఏడాది శెనక్కాయ పంట మీద వచ్చిందంతా, రెండు బర్రెలు అమ్మిందంతా ఆ కాలికే పెట్టాడు. పిల్లోడు నిజం చెప్పినందుకు నేను ఈ రోజుకీ వాణ్ణి తప్పు పట్టను. అబద్ధం చెబితేనే బతికే పని మనం పిల్లలకు ఇవ్వకూడదు. నిజం చెప్పినా డబ్బు వచ్చే కాగితం ఇవ్వాలి.

యాప్ వాళ్ళ రైడ్ బీమా ఉండింది కదా అని మీకు అనిపించవచ్చు. ఉండింది. కానీ ఫోన్ పగిలిపోయింది, రైడ్ నంబరు ఎవరి దగ్గరా లేదు, కంపెనీకి మెయిల్ పెట్టాలని ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసేసరికి గడువు దాటింది. అప్పటి నుంచి మా గ్రూపులో ఒక అలవాటు పెట్టాం: ట్రిప్ మొదలవగానే స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఒకరికి వాట్సాప్ చేయాలి. రెండు సెకన్ల పని. ప్రమాదం జరిగితే 108, ఆ వెంటనే పోలీసు ఎంట్రీ, ఆ రోజే కంపెనీకి మెయిల్. 2025 మే నుంచి కేంద్రం పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం ఉంది. దీనికి బండి ప్లేట్ రంగుతో పని లేదు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే అడగాలి, చాలామందికి తెలియక చేతి డబ్బు కట్టేస్తున్నారు.

ఈ రోజే చేయగలిగిన చౌకైన పని ఇంకొకటి ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా పూర్తి అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు. జీవన్ జ్యోతి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. రెండూ కలిపి ఏడాదికి 456, అంటే ఒకటిన్నర రోజు మిగులు. ఇవి మనిషికి చేసేవి, బండికి కావు. మీ ముప్పై మందిలో బండి నడపని వాళ్ళకు కూడా చేయించండి. జూన్ ఒకటికి రెన్యువల్, ఆ సమయానికి ఖాతాలో డబ్బు ఉంచమని చెప్పండి. బ్యాలెన్స్ లేక కట్ కాకపోతే బీమా లేనట్టే.

ఇవి చాలవు, నాకూ తెలుసు. రెండు లక్షలతో ఒక ప్రాణం లోటు తీరదు. కానీ అసలు బీమా రావాలంటే పిల్లోడు బైక్ ట్యాక్సీ నడుపుతాడని ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి. నమోదు లేనిదే సాయం లేదు. ఆటో వాళ్ళను చూడండి. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు మొదలయ్యాక ఆటోలకు గిరాకీ పడిపోయిందని అక్టోబర్‌లో ప్రభుత్వం ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు 15,000 ఖాతాలో వేసింది. వాళ్ళకు న్యాయంగా రావాల్సిందే వచ్చింది. మా ట్రిప్పుల్లో కూడా ఆడవాళ్ళవి తగ్గాయి. మా పేర్లు ఏ జాబితాలోనూ లేవు కాబట్టి మమ్మల్ని లెక్కలోకి తీసుకునే వీలే లేదు. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదికలో 2020-21 నాటికి దేశంలో గిగ్ వర్కర్లు, అంటే మాలా యాప్‌ల మీద విడివిడి పనులు చేసుకునేవాళ్ళు, 77 లక్షలు, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా వేసింది. ఆ లెక్కలో మన జిల్లా పిల్లలూ ఉన్నారు, కానీ మన జిల్లా ఆఫీసుల్లో వాళ్ళ పేర్లు లేవు.

అందుకే ఈ-శ్రమ్, అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్రం పోర్టల్. ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా, అంటే యాప్ మీద పనిచేసేవాడిగా నమోదు చేసుకుంటే యూఏఎన్ అనే గుర్తింపు నంబరుతో కార్డు వస్తుంది, ఆధార్, దానికి లింక్ అయిన ఫోన్ ఉంటే చాలు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. గిగ్ వర్కర్ల సంక్షేమానికి యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం ఇవ్వాలని అందులో ఉంది. ఆ నిధి నుంచి ఏదైనా రావాలంటే కార్మికుడిగా పేరు ఉండాలి. మా అరవై మందికి కార్డులు చేయించడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. సగం మందికి ఆధార్‌లో పాత ఫోన్ నంబరు ఉండడమే అసలు ఆటంకం. మీరు మొదలుపెట్టేటప్పుడు ముందు ఆ నంబర్లు సరిచేయించండి.

ఆటో వాళ్ళతో గొడవ సంగతి కూడా చెప్పాలి, మీ పిల్లలు మొదటి రోజే ఎదుర్కొనేది అదే. ఆర్టీసీ బస్టాండ్ దగ్గర ఒకసారి నా బండి తాళం లాక్కుని రెండు గంటలు ఇవ్వలేదు. కోపం వచ్చింది. తర్వాత వాళ్ళ స్టాండ్ పెద్దాయనతో టీ తాగుతూ కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన మాట నన్ను ఆలోచింపజేసింది: "నేను ట్యాక్స్ కడతా, ఫిట్‌నెస్ కడతా, పర్మిట్ కడతా. నువ్వేం కడతావు రా?" ఆయన మాటలో న్యాయం ఉంది. అప్పుడు మేమే ఒక కట్టుబాటు చేసుకున్నాం. బస్టాండ్ గేటు ముందు బైకు నిలబెట్టం, రోడ్డుకు అవతల నుంచే ఎక్కించుకుంటాం. చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకోం, బుకింగ్ ఉంటేనే. పెద్ద లగేజీ, పిల్లలతో ఉన్నవాళ్ళు కనబడితే ఆటో వైపు చూపిస్తాం. మూడేళ్ళుగా పెద్ద గొడవ లేదు. ప్రభుత్వం బైకుల నుంచి చిన్న ఫీజు తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఫీజు కట్టినవాడు ఆటో అన్న ముందు తల ఎత్తుకుని నిలబడగలడు.

హెల్మెట్ విషయం చిన్నదిగా కనబడుతుంది కానీ కాదు. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా హెల్మెట్ తప్పనిసరి, లేకపోతే వెయ్యి జరిమానా, లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేయవచ్చు. మన ఎండల్లో పది మంది పెట్టుకున్న హెల్మెట్ లోపల ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆడవాళ్ళు దాన్ని పట్టుకుని చూసి, చేతిలోనే ఉంచుకుని కూర్చుంటారు. నేను లోపలి మెత్త విప్పదీయగలిగే ఐఎస్ఐ హెల్మెట్ కొన్నాను. అదనంగా మెత్తలు రెండు ఉన్నాయి. రాత్రి ఒకటి షాంపూ నీళ్ళలో నానబెట్టి ఆరేస్తాను, పొద్దునకు ఆరిపోతుంది. ఒక పలచటి నూలు గుడ్డ టోపీల కట్ట ట్యాంక్ కవర్‌లో ఉంటుంది, ఎక్కేవాళ్ళకు ముందు అది ఇచ్చి ఆ పైన హెల్మెట్ ఇస్తాను. కుట్టించడానికి ఒక్కోటి ఎనిమిది రూపాయలు పడింది, ఉతికి మళ్ళీ వాడతాను. ఈ పద్ధతి పెట్టాక వద్దన్నవాళ్ళు చాలా తక్కువ. ఆఫ్రికాలో రువాండా రాజధాని కిగాలీలో మోటార్ సైకిల్ ట్యాక్సీలకు నంబరు ఉన్న జాకెట్, ప్రయాణికుడికి రెండో హెల్మెట్ ఎప్పటి నుంచో నియమం. మన దగ్గర జాకెట్ మీద నంబరు ఉంటే రాత్రి పూట ఎక్కే ఆడపిల్లకు ధైర్యం, ఫిర్యాదు వస్తే పట్టుకోవడం సులువు, నిజాయితీగా నడిపే పిల్లోడికి గౌరవం.

ఇక అర్జీ. కలెక్టర్ చేయగలిగినవి వేరే, విజయవాడలో తేలాల్సినవి వేరే. రెండూ కలిపేస్తే 'ప్రభుత్వానికి నివేదించాం' అని ఒక్క వాక్యంతో ఫైలు మూసేస్తారు. అందుకని రెండు అర్జీలు రాయండి.

కలెక్టర్‌కు ఇచ్చే అర్జీలో: ఒక ఆదివారం ఈ-శ్రమ్, ఆధార్ ఫోన్ నంబరు, సురక్షా బీమా మూడూ ఒకే చోట జరిగే క్యాంపు అడగండి. కార్మిక శాఖ, లీడ్ బ్యాంక్ మేనేజర్ ఇద్దరూ కూర్చుంటే ఒక పూట పని. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు కాబట్టి తపోవనం లాంటి చోట్ల స్పీడ్ బ్రేకర్లకు తెల్ల రంగు, రిఫ్లెక్టర్లు అడగండి, స్థలాల పేర్లు ఫోటోలతో సహా ఇవ్వండి. రైల్వే స్టేషన్, బస్టాండ్, ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర బైకులు ఆగడానికి ఆటో స్టాండ్‌కు దూరంగా గీత గీసిన చోటు అడగండి. ఆటో యూనియన్ పెద్దల సంతకం కూడా ఆ అర్జీ మీద ఉంటే పని తొందరగా అవుతుంది. ముందు వెళ్ళి వాళ్ళతో మాట్లాడండి.

రవాణా కమిషనర్‌కు రాసే దాంట్లో: 2025 మార్గదర్శకాల్లోని వైట్ ప్లేట్ అనుమతిపై రాష్ట్రం నిర్ణయం, వారం వారం కట్టే చిన్న ఫీజు, ఆ ఫీజుతో నంబరు జాకెట్, యాప్ కంపెనీల నుంచి 5 లక్షల, 10 లక్షల బీమాల అమలు. ఇంకోటి తప్పకుండా రాయండి. యాప్ కంపెనీలు కారణం చెప్పకుండా డ్రైవర్ ఐడీ బ్లాక్ చేయడం. నాకు ఒకసారి ఒక ప్రయాణికుడు తప్పుడు ఫిర్యాదు పెడితే మూడు రోజులు బ్లాక్ అయింది, ఎవరితో మాట్లాడాలో తెలియలేదు. జిల్లాలో ఒక మనిషి ముందు కూర్చుని చెప్పుకునే అవకాశం కావాలి. 2020 నాటి మార్గదర్శకాల్లోనే రోజుకు 12 గంటలకు మించి లాగిన్ ఉండకూడదని, ఆ తర్వాత 10 గంటల విరామం ఉండాలని చెప్పారు. రెండు యాప్‌లు పెట్టుకుని పదహారు గంటలు నడిపే పిల్లలు ఉన్నారు, దాన్ని కూడా ఎవరో ఒకరు చూడాలి.

లోన్ గురించి అడగాలనే ఉంటే, బండికి అడగొద్దు. ఐటీఐ చేసిన పిల్లల్లో నలుగురైదుగురు కలిసి టూ వీలర్ మెకానిక్ షెడ్డు పెట్టుకుంటామంటే ముద్ర కింద 50,000 లోపు శిశు లోన్ అడగండి. మన ఊళ్ళో బైకులు ఎన్ని పెరిగితే వాళ్ళకు పని అంత పెరుగుతుంది. మా గ్రూపు అరవై మంది సర్వీసింగ్ వాళ్ళ దగ్గరే చేయించుకోమని నేను చెప్పగలను.

నడపాలనుకున్న పది పన్నెండు మందిని ఎలా ఎంచాలని మీరు అడగలేదు కానీ చెబుతాను. లైసెన్స్ వచ్చి రెండేళ్ళు అయి ఉండాలి. చలానాలు ఆన్‌లైన్‌లో చూడండి, సిగ్నల్ జంపింగ్, ట్రిపుల్ రైడింగ్ ఉన్నవాణ్ణి ఇప్పుడే వద్దనండి. ఇంట్లో అమ్మానాన్నలకు తెలిసి ఒప్పుకోవాలి. మొదటి వారం నేనో మా గ్రూపులో ఇంకెవరో వెనక కూర్చుని ఒక్కొక్కరిని చూస్తాం. సందులో హారన్ ఎలా కొడతాడు, మలుపులో వేగం తగ్గిస్తాడా, ఆడవాళ్ళు ఎక్కాక అద్దం పక్కకు తిప్పుతాడా అన్నవి కాగితం మీద కనబడవు.

సోమవారం కలెక్టరేట్‌కు పొద్దున్నే చేరుకోండి, పది దాటితే క్యూ పెరుగుతుంది. అర్జీతో పాటు పిల్లల పేర్లు, లైసెన్స్ నంబర్లు ఉన్న జాబితా ఒక కాపీ, మీ దగ్గర ఉంచుకోవడానికి ఒక కాపీ తీసుకెళ్ళండి. రసీదు మీద నంబరు పడిందో లేదో చూసుకుని బయటికి రండి. ఆర్టీఐ జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి మేడమ్, అందులో ఏముందో చూసి రెండో అర్జీ మాటలు కలిసి సరిచేద్దాం.